బ్రేకు లేని బస్సు

గడచిన తల్లిదండ్రుల సభనాడు మా కంప్యూటరు గది గోడమీద రెండు కాగితములను అంటించితిమి. మొదటిదానియందు తొమ్మిదవ తరగతి బాలుడొకడు సి భాషలో వ్రాసిన చిన్న ప్రోగ్రాము కలదు. రెండవదానియందు ఆ ప్రోగ్రాము ఇచ్చిన ఫలితము కలదు. ఆ ఫలితము తప్పు. తప్పని యెఱిగియే అంటించితిమి. దాని క్రింద ఎఱ్ఱసిరాతో "ఇది ఏల ఇట్లయ్యెను?" అని మాత్రము వ్రాసితిమి. సభకు వచ్చిన పెద్దలలో ఒకరు, పోడు సేద్యము చేసికొను గృహస్థు, ఆ గోడయెదుట చాలసేపు నిలిచి, కుమారునిచేత చదివించుకొని విని, మావైపు తిరిగి, "ఏంది సారూ, పిలగాళ్లు ఒప్పు జేసినయి శానా ఉంటయి గదా, తప్పు జేసిందే గోడకు ఎందుకు అంటించిన్రు?" అని యడిగిరి.

ప్రశ్న న్యాయమైనది. ఆనాడు మేమిచ్చిన ప్రత్యుత్తరము పొడియైనది. భోజనపు గంట మ్రోగుటచే అదియును సగములోనే నిలిచిపోయినది. మా ఉపాధ్యాయులలో ఒకరిద్దఱు సయితము ఆ పెద్దమనిషి పక్షమే వహించిరి. కావున ఈ సంచికయందు కొన్ని పుటలు తీసికొని మా యభిప్రాయమును విశదముగా చెప్పుచున్నాము. కంప్యూటరు నెఱుగని చదువరులు సయితము దయచేసి తుదివరకు చదువవలెను. ఇందు బస్సెక్కి దిగుట యెఱిగినవారికి తెలియనిది చాల లేదు.

ముందు ఆ ప్రోగ్రాము సంగతి. మా వసతిగృహమున ఏ దినమున ఏ కూర వండుదురో తెలుపుటకై ఆ బాలుడు దానిని వ్రాసెను. ఆదివారము 1, సోమవారము 2, ఇట్లు శనివారము 7. అంకెను ఇచ్చినచో కూర పేరు తెరపై కనబడవలెను. ఇట్టి పనికి సి భాషయందు స్విచ్ అను వాక్యము కలదు. అందు ముందుగా పరీక్షింపవలసిన అంకెను చెప్పి, పిదప కేస్ 1, కేస్ 2 అని గుర్తులు పెట్టి, ఒక్కొక్క గుర్తు క్రింద చేయవలసిన పనిని వ్రాయుదురు. ఏ గుర్తుకును సరిపడని అంకె వచ్చినచో చేయవలసిన పనిని డిఫాల్ట్ అను గుర్తు క్రింద వ్రాయుదురు. ఈ మాటలను యంత్రమున కిచ్చునపుడు ఆంగ్లాక్షరములతోనే వ్రాయవలెను. ఇచట చదువరుల సౌకర్యమునకై తెలుగు లిపిలో వ్రాయుచున్నాము.

బాలుడు కేస్ 1 క్రింద కోడికూర, కేస్ 2 క్రింద గ్రుడ్డు, కేస్ 3 క్రింద పప్పు, కేస్ 4 క్రింద గ్రుడ్డు, కేస్ 5 క్రింద సాంబారు, కేస్ 6 క్రింద గ్రుడ్డు, కేస్ 7 క్రింద గోంగూర పప్పు, డిఫాల్ట్ క్రింద "అట్టి దినము లేదు" అని వ్రాసెను. పిదప బుధవారమునకై 4 అను అంకె నిచ్చెను. తెరపై వరుసగా ఐదు పంక్తులు వచ్చినవి: గ్రుడ్డు, సాంబారు, గ్రుడ్డు, గోంగూర పప్పు, అట్టి దినము లేదు.

గదియంతయు నవ్వులతో నిండిపోయినది. "బుధవారమే శనివారందాకా తినిపిస్తుంది రా!" అని యొకడు; "అంతా పెట్టి చివరికి బుధవారమే లేదంటుందేంది!" అని మఱియొకడు. బాలుడు మాత్రము నవ్వలేదు. మావైపు చూచెను. "కేస్ 4 అని సరిగానే రాసిన గదా సార్" అనెను. అతడు సరిగానే వ్రాసెను. గుర్తు సరియైనదే, అంకె సరియైనదే, గుర్తు క్రింది కూరయు సరియైనదే. లోపించినది ప్రతి పనికిని చివర వ్రాయవలసిన బ్రేక్ అను ఒక్క మాట.

ఇచటనే మాకును మా మిత్రులకును అభిప్రాయభేదము. వారు చెప్పునది యేమన: "పాఠము మొదటనే, ప్రతి కేస్ చివరను బ్రేక్ వ్రాయవలెనని ఒక నియమముగా పలకపై వ్రాసి కంఠస్థము చేయించిన చాలును గదా. తప్పు జరుగదు, కాలము కలిసివచ్చును, పరీక్షలో మార్కులు పోవు." మేము చెప్పునది యేమన: ఆ నియమమును ముందుగా చెప్పరాదు. పిల్లవాడు బ్రేక్ లేకయే స్విచ్ వ్రాయవలెను, తెరపై వచ్చినదానిని చూడవలెను, కాగితముపై వ్రేలు పెట్టి యంత్రము ఏ దారిని పోయెనో ఒక్కొక్క పంక్తిగా నడచి చూడవలెను. పిమ్మటనే బ్రేక్ అను మాట వాని చేతికి ఈయవలెను.

ఏలయన, స్విచ్ అను వాక్యమును గూర్చి మొదటి దినమున పిల్లల మనస్సున నాటుకొను భావమే తప్పు. "అనేకములలో ఒకదానిని ఎన్నుకొనునది" అని పుస్తకములు చెప్పును. ఉపాధ్యాయులమైన మేమును అట్లే చెప్పుచు వచ్చితిమి. కాని సి భాషలోని స్విచ్ ఎన్నుకొనునది కాదు. అది దేనినుండి మొదలిడవలెనో చూపునది. పాల్వంచ నుండి దమ్మపేటవైపు పోవు బస్సును తలచుకొనుడు. త్రోవలో ములకలపల్లిలో ఎక్కినవాడు ములకలపల్లిలోనే యుండిపోవునా? బండి కదలిన పిదప త్రోవలోని ఊళ్ళన్నియు వానికి వచ్చుచునేయుండును. దిగెదనని చెప్పినగాని ప్రయాణము ముగియదు. కేస్ అనునది ఎక్కు చోటు మాత్రమే. దిగు చోటు బ్రేక్. 4 అని చెప్పితిమి, బుధవారమున ఎక్కితిమి; దిగలేదు గనుక గురువారము, శుక్రవారము, శనివారము దాటి, బస్సు కడపటి మజిలీయైన డిఫాల్ట్ వఱకును పోయినది. ఒకసారి ఎక్కిన పిదప యంత్రము త్రోవలోని గుర్తుల పేర్లను మరల పరీక్షింపదు. ఈ సంగతి పట్టుబడినచో మిగిలిన పాఠము దానంతట అదియే వచ్చును. పట్టుబడనిచో ఎన్ని నియమములు కంఠస్థము చేసినను లాభము లేదు.

ఈ బస్సు పోలిక మాది కాదని ఒప్పుకొనవలెను. మేము పలకపై బాణపు గుర్తులు వేసి వివరించుచుండగా వెనుక వరుసలోని బాలిక యొకతె, "బ్రేకు లేని బస్సు సార్ అది" అనెను. ఆమె తలచిన బ్రేకు వాహనమును నిలుపునది. ఆంగ్లమున ఆ రెండు మాటలకును వర్ణక్రమము వేఱు, అర్థము వేఱు. తెలుగున వ్రాసినపుడు రెండును ఒకటియే. ఆంగ్లము బాగుగా వచ్చిన పిల్లవానికి తోచని పోలిక, రాని పిల్లకు తోచినది!

ఈ మాటల సంగతి మఱికొంత చెప్పవలసియున్నది. మా పాఠశాలకు వచ్చు పిల్లలలో ననేకులకు ఇంటిలో మాటలాడునది కోయభాష. తెలుగు బడిలో నేర్చినది. ఆంగ్లము మూడవది. వారు కంప్యూటరు గదిలోనికి వచ్చునపుడు ఆ ఆంగ్లపు మాటలను ఖాళీ మనస్సుతో వినరు. స్విచ్ అనగా గోడమీది దీపపు మీట. వేసిన వెలుగును, తీసిన ఆరును. అందు రెండే స్థితులు, ఇందు ఏడెనిమిది. కేస్ అనగా ఈ అడవి యంచున వేఱుగా చెప్పనక్కఱలేదు. పోలీసు కేసో, అడవి శాఖవారి కేసో. డిఫాల్ట్ అనగా బ్యాంకు బాకీ కట్టలేకపోవుట. ఒక బాలుడు డిఫాల్ట్ అను గుర్తు క్రింద ఏమియు వ్రాయక వదలెను. ఏలరా అని యడుగగా "అది తప్పు చేసినోళ్లకు గదా సార్" అనెను. వాని యూహలో కొంత నిజము లేకపోలేదు. కాని ఇచట డిఫాల్ట్ అనగా "పైవేవియు కానిచో" అని మాత్రమే. పేర్లనుబట్టి అర్థమును ఊహింపవలసిన పిల్లలకు, పేరు మోసము చేయుచోట, యంత్రము నడచిన దారిని కన్నులార చూపుటకంటె మంచి ఉపాయము మాకు కనబడలేదు.

ఇక కంఠస్థ నియమము ఏల చాలదో చెప్పెదము. మా కూరల పట్టికయందు సోమ, బుధ, శుక్రవారములు మూడింటను గ్రుడ్డే. బస్సు సంగతి తెలిసిన పిల్లలు రెండవ దినముననే ఒక మెలకువ కనుగొనిరి. కేస్ 2, కేస్ 4, కేస్ 6 అను మూడు గుర్తులను ఒకదానిక్రింద నొకటి పేర్చి, మూడింటికిని కలిపి ఒకేసారి గ్రుడ్డు అని వ్రాసి, చివర ఒక్క బ్రేక్ పెట్టిరి. మూడు చోట్ల ఎక్కినవారును ఒకే చోట దిగుదురు. ఇది తప్పు గాదు. సి భాషను చక్కగా ఎఱిగినవారు వ్రాయునదియే ఇది. మార్కులనుబట్టి శ్రేణి నిర్ణయించు ప్రోగ్రామునందును ఇదియే ఉపాయము. స్విచ్ "90కి పైన" అనునట్టి హద్దులను చూడజాలదు, విడివిడి అంకెలనే చూడగలదు. కావున మార్కులను పదిచే భాగించి, 10 అను గుర్తును 9 అను గుర్తును పేర్చి, ఒకే శ్రేణి నిత్తురు. నూటికి నూఱు తెచ్చుకొనినవానికి 10, తొంబది తెచ్చుకొనినవానికి 9. ఇద్దఱును ఒకే మజిలీలో దిగుదురు.

"ప్రతి కేస్ చివరను బ్రేక్" అను నియమమును తు.చ. తప్పక పాటించు పిల్లవాడు ఈ పని చేయలేడు. చేసినవానిని చూచి తప్పనును. ఇది ఊరక చెప్పు మాట గాదు. మా పూర్వవిద్యార్థి యొకడు పదవ తరగతి ముగించి పాలిటెక్నిక్కున చేరి, ప్రయోగ పరీక్షయందు ఇట్లే రెండు గుర్తులను పేర్చి వ్రాసెను. ప్రోగ్రాము సరిగానే నడచినది. పరీక్షకులు కాగితమును చూచి "ఇచట బ్రేక్ లేదు" అని ఎఱ్ఱగీత గీచి మార్కులు తగ్గించిరట. ఏ కళాశాలయో మేము చెప్పము. ఆ పరీక్షకులయందు మాకు కోపమును లేదు. వారికిని ఎవరో నియమమునే నేర్పియుందురు. కాని ఆ పిల్లవాడు సెలవులకు ఇంటికి వచ్చి మా గదికి వచ్చి "నేను రాసింది తప్పా సార్?" అని యడిగిన విధమును మేము మఱవలేదు. వాని యింట కాలేజి మెట్లెక్కిన మొదటివాడు వాడే. తాను సరిగా తెలిసికొనినదానినే అనుమానింపవలసివచ్చుట అట్టివానికి ఎంత బరువో, తరతరములుగా చదువుకొనుచున్న యిండ్లవారికి తెలియుట కష్టము.

నియమము చాలదనుటకు ఇంతకంటె పెద్ద నిదర్శనము లోకమున జరిగియున్నది. 1990 జనవరి 15వ తేదీన అమెరికాలో ఏ.టి. అండ్ టి. అను కంపెనీ యొక్క దూరపు టెలిఫోను మార్గములు సుమారు తొమ్మిది గంటలకాలము చెడిపోయినవి. ఆ కంపెనీకి దేశమంతట 114 పెద్ద టెలిఫోను కేంద్రములు కలవు. అంతకు కొలది వారములకు పూర్వమే, 1989 డిసెంబరులో, వానియన్నిటిలో క్రొత్త ప్రోగ్రాము నెక్కించిరి. ఆనాడు ఒక కేంద్రము చిన్న ఆటంకమువలన తనంతట తాను ఆగి మరల లేచినది. లేచితినని పొరుగు కేంద్రములకు కబురు పంపినది. ఆ కబురు వెనువెంటనే మఱియొక కబురు వచ్చి తగులుటచే పొరుగు కేంద్రములు తబ్బిబ్బై తామును ఆగి లేచినవి. లేచి తమ పొరుగువారికి కబురు పంపినవి. ఇట్లు ఒకదానినుండి మఱియొకదానికి అంటువ్యాధివలె వ్యాపించినది. పిలిచిన పిలుపులలో సుమారు సగము చేరలేదు.

కారణము వెదకగా తేలినదేమి? సి భాషలో వ్రాసిన ఆ ప్రోగ్రామున ఒక స్విచ్ కలదు. ఆ స్విచ్ లోపలి కేస్ క్రింద ఒక ఇఫ్ కలదు. ఆ ఇఫ్ లోపల ఒక బ్రేక్ కలదు. వ్రాసినవారు ఆ బ్రేక్ తమను ఇఫ్ నుండి మాత్రము బయటికి తెచ్చునని తలచిరి. బ్రేక్ ఇఫ్‌ను ఎఱుగదు. అది స్విచ్ మొత్తమునుండియే బయటికి దింపివేసినది. తరువాత చేయవలసిన పని చేయబడలేదు. చదువరులు గమనింపవలసినది ఇది: అచట బ్రేక్ మఱచుట జరుగలేదు. బ్రేక్ ఉండెను. ఉండరానిచోట ఉండెను. "బ్రేక్ వ్రాయుము" అను నియమము వారి కెంతమాత్రమును సాయపడియుండదు. బ్రేక్ ఎచట దింపునో వ్రేలు పెట్టి చూచు అలవాటు సాయపడియుండెడిది. టెలిఫోను కేంద్రమును ఆంగ్లమున స్విచ్ అనియే యందురు. స్విచ్‌లో దాగిన దోషము స్విచ్‌లనే పడగొట్టెనని ఆ దేశపువారు చమత్కరించియుందురు.

ఇట్టి వాక్యమును చేసినవారి నేల నిందింపరాదని కొందఱు విద్యార్థులు అడుగుచున్నారు. నిందించుటకుముందు దాని పుట్టుక తెలిసికొనుట మేలు. 1957లో వెలువడిన ఫోర్ట్రాన్ భాషయందు, ఒక అంకెనుబట్టి ప్రోగ్రాములోని ఫలానిచోటికి దుముకుమని చెప్పు వాక్యము కలదు. ఆల్గాల్ 60 అను భాషయందు స్విచ్ అను పేరే కలదు. అదియు దుముకవలసిన చోట్ల పట్టికయే. 1967 ప్రాంతమున మార్టిన్ రిచర్డ్స్ అను ఆంగ్లేయుడు చేసిన బి.సి.పి.ఎల్. భాషయందు కేస్, డిఫాల్ట్ అను గుర్తులు కనబడును. ఆ వంశముననే, 1970వ దశాబ్దపు ఆరంభమున, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించెను. కావున సి లోని స్విచ్ పుట్టుకచేతనే "ఎచటికి దుముకవలెను" అను ప్రశ్నకు ఉత్తరము. "ఏది ఎన్నుకొనవలెను" అను ప్రశ్నకు గాదు. మేము బస్సు పోలికతో చెప్పినది చరిత్రయే. 1978లో బ్రయాన్ కెర్నిగన్, రిచీ కలిసి వ్రాసిన సి భాషా గ్రంథమున సయితము, చిట్టచివరి కేస్‌కు అవసరము లేకున్నను బ్రేక్ పెట్టుట మంచి అలవాటని సలహా కలదు. రేపు ఎవరైన దాని క్రింద మఱియొక కేస్ చేర్చినచో ఆ బ్రేక్ కాపాడును. చేసినవారికి దాని ప్రమాదము తెలియకపోలేదన్న మాట.

దుముకుటలో లాభమును కలదు. ఇఫ్-ఎల్స్ నిచ్చెనతో ఈ పనియే చేయవచ్చును గదా యనువారున్నారు. చేయవచ్చును. కాని ఆ నిచ్చెనపై యంత్రము "ఆదివారమా? కాదు. సోమవారమా? కాదు" అని ఒక్కొక్క మెట్టే అడుగుచు ఎక్కవలెను. స్విచ్‌లో అంకెలు దగ్గఱదగ్గఱగా నున్నపుడు కంపైలరు తఱచుగా చోట్ల పట్టిక నొకటి తయారుచేసి, ఒక్క దుముకున చేరవలసినచోట చేర్చును. ఏడు దినముల కూరలకు ఈ భేదము కంటికి కనబడదు. వేలకొలది పిలుపులను క్షణములో పంపవలసిన కేంద్రములకు కనబడును.

ఇంకొక ఆక్షేపణ ఎక్కువ బలమైనది. ఈ కాలపు భాషలు ఈ గోతిని పూడ్చివేసినవి గదా, పాతగోతిలో పిల్లలను దింపనేల? అని. నిజమే. 2009లో ప్రకటింపబడిన గో భాషయందును, 2014లో వెలువడిన స్విఫ్ట్ భాషయందును, ఒక కేస్ పని ముగియగనే దిగుటయే సహజము. క్రిందికి పోవలెనన్నచో ప్రత్యేకముగ అడుగవలెను. జావా భాషకు 2020లో బాణపు గుర్తుతో వ్రాయు క్రొత్త రూపము స్థిరమైనది. అందు బ్రేక్ అక్కఱలేదు. 1991లో వెలువడిన పైథాన్ ముప్పదేండ్లు స్విచ్ వంటిది లేకయే కాలము గడపి, 2021 అక్టోబరులో 3.10వ కూర్పున మ్యాచ్ అను వాక్యమును తెచ్చుకొనినది. అందును క్రిందికి జాఱుట లేదు. సి భాషకు సయితము కాపలాదారు లేర్పడిరి. మోటారు వాహనములలోని ప్రోగ్రాములకై 1998లో వెలువడిన మిస్రా నియమములు, పనియున్న ప్రతి కేస్‌కును బ్రేక్ ఉండవలెననియు డిఫాల్ట్ తప్పక యుండవలెననియు చెప్పినవి. "పనియున్న" అను విశేషణమును గమనింపుడు. పేర్చిన ఖాళీ గుర్తులను వారు తప్పనలేదు. 2017లో వెలువడిన జి.సి.సి. 7వ కూర్పు, అడిగినచో, "ఇచట క్రిందికి జాఱుచున్నది" అని హెచ్చరించును.

ఇవన్నియు మంచివే. మా గదిలోను ఆ హెచ్చరికను వాడుచున్నాము. కాని మూడవ వారమునుండి. మొదటి రెండు వారములు దానిని అడుగము. మన తెలుగు రాష్ట్రములలోని అనేక కళాశాలలలో నేటికిని 1980వ దశాబ్దమున పుట్టిన టర్బో సి యొక్క నీలితెర ముందే సి పాఠము జరుగుచున్నది. అందు ఇట్టి హెచ్చరిక లేదు. మా పిల్లలు ఇచటనుండి పోవునది ఆ తెరల ముందుకే. అంతియకాక, పూడ్చిన గోతిని మాత్రమే చూచినవానికి, ఆ భాషలవారు దానిని ఏల పూడ్చిరో తెలియదు. జావాలో పాత రూపమును క్రొత్త రూపమును పక్కపక్కన చూచినపుడు బాణపు గుర్తు విలువను వెంటనే గ్రహించినవారు, మా గదిలో గోడమీది బుధవారమును చూచి నవ్వినవారే.

మొదలిడినవారి ఉత్సాహము చల్లారునను భయము గూర్చి ఒక మాట. మా సహోపాధ్యాయులలో ఈ భయము నిజమైనది. యంత్రమును ఇంట చూడని పిల్లలు, వారమునకు రెండు గంటలు మాత్రమే, అదియు ముగ్గురు కలిసి ఒక యంత్రముముందు కూర్చుండువారు. వర్షకాలమున విద్యుత్తు పోయినచో ఆ రెండు గంటలును కాగితముమీదనే. ఇట్టివారికి మొదటి ఫలితమే తప్పైనచో "ఇది మావల్ల కాదు" అని లేచిపోవుదురేమో అని వారి సందేహము. మేమును ఈ విషయమున ఒకసారి పొరబడితిమి. మొదటి సంవత్సరము పిల్లలకు ఏమియు చెప్పక తప్పులోనికి నడిపించితిమి. ఇద్దఱు పిల్లలు తామే తెలివితక్కువవారమని యేడ్చిరి. నాటినుండి పద్ధతి మార్చితిమి. ఇపుడు ముందే చెప్పుదుము: "ఈ ప్రోగ్రాములో ఒక మాట కావలెనని విడిచినాము. ఫలితము వింతగా వచ్చును. ఎంత వింతగా వచ్చునో ముందే కాగితముపై వ్రాయుడు; ఎవరిది సరిపోవునో చూతము." తప్పు యంత్రమున కాపాదింపబడును, పిల్లవానికి గాదు. విద్యుత్తు లేని గంట ఇందులకు మఱింత అనుకూలము. కాగితమే యంత్రము, వ్రేలే ప్రోగ్రాము.

అట్లు వ్రేలు పెట్టి నడచిన పిల్లలే మాకు ఒక సంగతిని నేర్పిరి. ఆ చెడిన ప్రోగ్రామునకు 7 అని యిచ్చినచో రెండు పంక్తులు వచ్చును. 1 అని యిచ్చినచో ఎనిమిదియు వచ్చును. 9 అని యిచ్చినచో? "అట్టి దినము లేదు" అని ఒక్కటే వచ్చును. అది సరియైన ఉత్తరము! చెడిన ప్రోగ్రాము సరియైన ఉత్తర మిచ్చుచున్నది. ఒక పరీక్ష నెగ్గిన ప్రోగ్రాము మంచిదని నమ్మరాదని మేము పలుమార్లు నోటితో చెప్పితిమి, ఎవరును వినలేదు. 9 అను అంకె ఒక్క గంటలో వినిపించినది. నాటినుండి ఆ తరగతివారు తమంతట తామే మొదటి గుర్తును, చివరి గుర్తును, నడిమిదానిని, గుర్తు లేనిదానిని ఇచ్చి చూచుచున్నారు.

చొరవ కలిగినపుడు పిల్లలు ఎంతదూరము పోవుదురో చెప్పుటకు మఱియొకటి. ఆ బాలుడే, అంకెలు వంటమనిషికి జ్ఞాపకముండవని, అంకెకు బదులు ఆదివారమునకు ఆ అను అక్షరమునే గుర్తుగా పెట్టదలచెను. కంపైలరు ఒప్పుకొనక గొణిగినది. ప్రోగ్రాము ఆ అక్షరమును ఎన్నడును గుర్తింపలేదు. కారణము చెప్పుటకు మాకే ఒక సాయంకాలము పట్టినది. ఆంగ్లాక్షరము ఒక బైటులో ఇముడును. 1991 నాటి యూనికోడు మొదటి కూర్పునుండియే తెలుగునకు చోటు కలదు గాని, నేడు వాడుకలోనున్న యు.టి.ఎఫ్-8 పద్ధతిని ఒక తెలుగక్షరము మూడు బైట్లను ఆక్రమించును. మూడు సీట్లు కావలసినవానిని ఒక సీటులో కూర్చుండబెట్టినట్లయినది. సి లోని స్విచ్ పూర్ణసంఖ్యలనే చూచును, మాటలను చూడజాలదు. "మన అక్షరం పెద్దది సార్" అని వాడు కొంత గర్వముగానే అనెను. ప్రస్తుతము వంటమనిషికై అంకెల పట్టిక యొకటి వంటింటి తలుపునకు అంటించిరి.

ఇంతవఱకు చదివిన ఆ పెద్దమనిషికి, లేక వారికి చదివి వినిపించిన వారి కుమారునికి, మా ఉత్తరము ఇది. అయ్యా, మీ యూరి పిల్లవాడు చేసిన తప్పును వానిని చిన్నబుచ్చుటకు గోడకెక్కింపలేదు. అట్లు తోచియున్నచో క్షమింపవలెను; వచ్చు సంవత్సరము తప్పిన కాగితము ప్రక్కన దిద్దిన కాగితమును కూడ అంటించెదము. ఈ మార్పు మీరు చెప్పినందుననే. కాని తప్పిన కాగితమును మాత్రము తీసివేయము. దానియెదుట ఆనాడు నిలిచినంతసేపు పిల్లలు మఱి ఏ కాగితమునెదుటను నిలువలేదు. మీరును నిలిచితిరి.

ఆ బాలుడు ప్రోగ్రామును దిద్దిన దినమున పాతదానిని చెఱపివేయబోయెను. వలదంటిమి. అది ఇప్పటికిని మా గదిలో కిటికీ ప్రక్కనున్న కంప్యూటరులో "బుధవారము" అను పేరుతో నున్నది. క్రొత్తగా తొమ్మిదవ తరగతికి వచ్చినవారికి మొదటి గంటలో దానినే తెఱచి, ఏ అంకె ఇచ్చినచో ఎన్ని పంక్తులు వచ్చునో ముందుగా కాగితముపై వ్రాయుమని అడుగుచున్నాము. గడచిన సోమవారమునాడు నలువది యిద్దఱిలో సరిగా వ్రాసినవారు ఆరుగురు. మఱునాడు ఎవరును పిలువకయే, భోజనానంతరము, పదునొకండుమంది ఆ కంప్యూటరు చుట్టును మూగియుండిరి.